బోణీ కుర్చీ

2023 వేసవి. పెళ్లిళ్ల సీజన్ మంచి ఊపు మీద ఉంది. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకెళితే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్, లంగా అన్నీ ఒక్కచోటే ఇచ్చే కొట్టు. పేరుకి సెంటరే గానీ, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకళ్లు అరలకి అతుక్కుని దారి ఇవ్వాలి. ఆ ఇరుకులోకి నేను ఇంకో మనిషిని తీసుకెళ్లాను. ఆ అమ్మాయి పేరు రిజ్వానా.

నేను జాబ్ కోచ్‌ని. ఈ మాట చెప్పగానే చాలామంది తమ పిల్లల్ని బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి ఎప్పుడు పంపాలని అడుగుతారు. నా పని వేరు. మేధోపరమైన వైకల్యం ఉన్న పెద్దవాళ్లకి, అంటే ఏదైనా నేర్చుకోవడానికి, అర్థం చేసుకోవడానికి మనకన్నా ఎక్కువ సమయం పట్టేవాళ్లకి, అందరూ పనిచేసే చోటే జీతమొచ్చే ఉద్యోగం వెతుకుతాను. పక్కన నిలబడి పని నేర్పుతాను. వాళ్లు నిలదొక్కుకున్నాక మెల్లగా తప్పుకుంటాను. ఆ తప్పుకోవడాన్ని మా వాళ్లు ఫేడింగ్ అంటారు. మొదట రోజంతా ఉంటాం, తర్వాత ఒక పూట, ఆ తర్వాత వారానికోసారి. నేను ఎవరికీ గుర్తు రాకుండా పోయిన రోజు నా పని బాగా చేసినట్టు లెక్క.

ఇన్నేళ్లలో నన్ను ముప్పుతిప్పలు పెట్టింది కోపిష్టి యజమానులు కాదు. జాలిగుండె వాళ్లు. "పాపం" అన్న మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటతో మొదలైన ఉద్యోగం ఎక్కువ కాలం నిలబడగా నేను చూడలేదు.

రిజ్వానాది భవానీపురం. తండ్రి పరుపులు కుట్టేవాడు. తల్లి ఫాతిమా గారు ఇంటి పని చూసుకుంటూ ఆయనకి దూది ఏకడంలో సాయం చేసేవారు. రిజ్వానాకి పాతికేళ్లు. చదవడం రాదు, అంకెలు తికమక పడతాయి, మాట కాస్త ముద్దగా వస్తుంది. స్పెషల్ స్కూల్ అయిపోయాక ఇంట్లోనే ఉండిపోయింది. బాబాయి కూతుళ్లు పొద్దున్నే టిఫిన్ డబ్బాలు సర్దుకుని డ్యూటీలకి వెళ్లిపోతుంటే గేటు దగ్గర నిలబడి చూసేది. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లి, నీకేం కావాలి అని అడిగితే ఒకే మాట చెప్పింది. "డ్యూటీ."

కొట్టు యజమాని రామ్మోహనరావు గారు. అరవై దాటిన మనిషి, మర్యాదస్తుడు. నేను అడగ్గానే పుణ్యకార్యం కదా అని ఒప్పేసుకున్నారు. పుణ్యం సంగతి తర్వాత చూసుకుందామండీ, ముందు మీ కొట్లో ఏ పని వెనకబడుతోందో చూడనివ్వండి అని రెండు రోజులు ఓ మూల నిలబడ్డాను. సేల్స్ చూసేది నాగమణి. పదేళ్ల అనుభవం, గొంతులో మైకు. ఆమె ఒక్కో చీరకీ పదేసి ముక్కలు తీసి చూపిస్తుంది. చూపించినవి తిరిగి అరల్లోకి చేరే లోపు ఇంకో కస్టమర్ వస్తుంది. సాయంత్రానికి కౌంటర్ మీద గుట్ట. ఫాల్స్ డబ్బాల్లో ఆకుపచ్చల్లోకి నీలాలు, నీలాల్లోకి ఊదాలు. వెతుక్కోవడంలోనే సగం బేరాలు చేజారుతున్నాయి.

ఆ సర్దే పనిని నాగమణి పనిలోంచి విడదీసి రిజ్వానాకి ఉద్యోగంగా మలిచాను. ఇలా ఉన్న పనిలోంచి ఒక ముక్క కోసి కొత్త ఉద్యోగంగా కుట్టడాన్ని జాబ్ కార్వింగ్ అంటాం. కొత్తగా చేరిన సేల్స్ మనిషికి ఇప్పుడిచ్చే జీతమే ఈ అమ్మాయికీ ఇవ్వాలన్నాను. ఆయన కాసేపు నసిగి సరే అన్నారు.

తర్వాతది టాస్క్ అనాలిసిస్. ఒక పనిని నేర్చుకోగలిగినంత చిన్న మెట్లుగా విడగొట్టడం. ఒక్కో డబ్బా మూతకీ అందులోని రంగు గుడ్డపీలిక అతికించాం. చేతిలో ఉన్న ఫాల్‌ని ఆ పీలికతో జత చూసి లోపల పెట్టాలి. వినడానికి తేలికే. కానీ ట్యూబులైటు కింద మెరూనూ కాఫీ రంగూ ఒకటే, నేవీ బ్లూ నలుపూ ఒకటే. అందుకే మ్యాచింగ్ సెంటర్లలో ఎవరైనా సరే చీర పట్టుకుని గుమ్మంలోకి వెళ్లి వెలుతురులో చూసుకుంటారు. ఆ అలవాటునే రిజ్వానా పనిలో ఒక మెట్టు చేశాను. తియ్యి, చూడు, గుమ్మం, పెట్టు. ఈ నాలుగు మాటలూ ఆమె లోలోపల గొణుక్కుంటూ పనిచేసేది. అనుమానం వచ్చిన ప్రతి ఫాల్‌నీ, రాని ఫాల్‌ని కూడా, గుమ్మం దాకా మోసుకెళ్లేది.

మొదటి వారం రిజ్వానా కన్నా నాగమణికి నేర్పడమే కష్టమైంది. ఆ అమ్మాయి ఒక ఫాల్ పట్టుకుని ఆలోచిస్తుంటే చాలు, ఇలా ఇవ్వు తల్లీ అని లాక్కుని తనే పెట్టేసేది. జాలి. ఒకరోజు ఆమెని పక్కకి పిలిచి, మీరు ఇలాగే చేస్తే శ్రావణమాసంలో కూడా మీరే సర్దుకోవాలి, ఆలోచించుకోండి అన్నాను. నాగమణి తెలివైన మనిషి. ఆ తర్వాత చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకుంది. నెల తిరిగేసరికి గుట్ట తగ్గింది, డబ్బాలు దారిలో పడ్డాయి. నేను వెళ్లడం తగ్గించాను.

మధ్యలో ఆటోనగర్‌లో ఇంకో అబ్బాయి ఉద్యోగం పని తగిలి రెండు వారాలు ఆ కొట్టు వైపు వెళ్లలేదు. వెళ్లేసరికి క్యాష్ కౌంటర్ పక్కన, దేవుడి పటాల కింద కొత్త ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద చిన్న మెత్త. మెత్త మీద రిజ్వానా, తలలో మల్లెపూలు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కౌంటర్ మీద గుట్ట మళ్లీ మొదటికొచ్చింది.

జరిగింది నాగమణి చెప్పింది. ఒకరోజు పొద్దున్న కొట్టు తెరవగానే పెళ్లివారు దిగారు. రామ్మోహనరావు గారు పూజలో ఉంటే, కట్టిన కవరు రిజ్వానా అందించింది. ఆ రోజు బేరాలు ఆగకుండా సాగాయట. మర్నాడు పరీక్షగా మళ్లీ బోణీ ఆమె చేతి మీదుగా చేయించారు. మళ్లీ బాగుంది. ముహూర్తాలు నిండుగా ఉన్న రోజులవి, గుమ్మానికి తాళం వేసినా జనం వచ్చేవాళ్లు. అయినా ఆయనకి గురి కుదిరిపోయింది. మొదట బోణీ వరకే అన్నారు. తర్వాత పెద్ద బేరం ప్రతిదీ ఆమె చేత్తోనే ఇప్పించాలన్నారు. ఎప్పుడు పెద్ద బేరం వస్తుందో తెలియదు కాబట్టి ఆమె అక్కడే కూర్చోవాలి.

"మీరు నాకు ఇచ్చింది పనమ్మాయిని కాదు మేడమ్, లక్ష్మీదేవిని," అన్నారాయన, కళ్లు మెరుస్తుండగా.

"లక్ష్మీదేవికి దణ్ణం పెడతారండీ, ఉద్యోగం ఇవ్వరు," అన్నాను. "రేపు బేరాలు తగ్గితే ఈ పిల్ల ఏమవుతుంది?"

పొద్దున్నే అలాంటి మాట అనకండని ఆయన చెంపలేసుకున్నారు. నేను రిజ్వానాని బయటికి తీసుకెళ్లి టీ తాగిస్తూ పని ఎలా ఉందని అడిగాను. గ్లాసు పక్కన పెట్టి, "డ్యూటీ లేదు. కూర్చోవడం," అంది.

ఆ రెండు మాటలు పట్టుకుని భవానీపురం వెళ్లాను. ఇంట్లోవాళ్లు నా వైపు ఉంటే ఆయనతో గట్టిగా మాట్లాడొచ్చని. ఫాతిమా గారు నేను చెప్పిందంతా విన్నారు. పరుపు గుడ్డ మీద పడిన దూది ఏరుతూ కూర్చున్నారు.

"మా పిల్ల ఎదురొస్తే పని చెడుతుందని మా చుట్టాలే ఇంట్లో ఉంచమనేవాళ్లు మేడమ్. పెళ్లికి తీసుకెళ్లినా వెనకాల కూర్చోబెట్టేవాళ్లు," అన్నారు చివరికి. "ఇప్పుడొక పెద్దమనిషి ఈ పిల్ల చెయ్యి మంచిదంటున్నాడు. అల్లా దయ. ఆ మాట ఇంకొన్నాళ్లు విననివ్వండి."

ఆ తల్లికి ఏం చెప్పను? చెడ్డ చెయ్యి అన్నా మంచి చెయ్యి అన్నా మనిషిని చూడటం లేదనే అర్థమని చెప్పాలి. కానీ పాతికేళ్లు మొదటి మాట విన్న మనిషి దగ్గర రెండో మాటని లాక్కోవడానికి నాకు మనసు రాలేదు. మెల్లగా ఇంతే అన్నాను. అన్నవాళ్లే రేపు మాట మారుస్తారమ్మా, అప్పుడు ఈ పిల్ల మళ్లీ గేటు దగ్గరికొస్తుంది. ఆవిడ తల వంచుకుంది. నేను పట్టు వదల్లేదు. వారం వారం కొట్టుకెళ్లి, బోణీ అయ్యాక డబ్బాల దగ్గరికి పంపండని ఆయన్ని సతాయించాను. ఆయన అలాగే అలాగే అనేవారు. కుర్చీ మాత్రం కదల్లేదు.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు ఆగాయి. డిస్కౌంటుకి చీరలు కొన్నవాళ్లు కూడా జాకెట్లు శ్రావణంలో కుట్టించుకుందాంలే అని ఊరుకున్నారు. ఆ ఏడాది శ్రావణానికి ముందు అధికమాసం పడింది. అధిక శ్రావణంలో శుభకార్యం ఎవరు పెట్టుకుంటారు? వీధి వీధంతా ఈగలు తోలుకుంటోంది. ఈ సంగతి క్యాలెండర్ చూసే ప్రతివాళ్లకీ తెలుసు. నలభై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న రామ్మోహనరావు గారికి ఇంకా బాగా తెలుసు. అయినా ఒకరోజు ఫోన్ చేశారు. ఆ అమ్మాయిని కొన్నాళ్లు పంపొద్దని.

రిజ్వానాని వెంటబెట్టుకునే వెళ్లాను. ఆమె గురించి మాట్లాడేటప్పుడు ఆమె అక్కడ ఉండాలన్నది నేను ఎప్పుడూ తప్పని పద్ధతి. ఆయన మా ఇద్దర్నీ చూసి ఇబ్బందిగా లేచారు. నేను తీసేయడం లేదండీ, పొద్దుటి పూట వద్దంటున్నానంతే, బోణీ అయ్యాక పెరటి వైపు నుంచి రమ్మనండి, జీతం తగ్గించను అన్నారు. కొట్టు తెరిచే వేళకి ఆ అమ్మాయి కుర్చీ వదిలేసి ఫాల్ పట్టుకుని గుమ్మంలో నిలబడుతోందనీ, వచ్చే కస్టమర్‌కి ఎదురవుతోందనీ, అది ఎందుకో కలిసి రావడం లేదనీ గొంతు తగ్గించి చెప్పారు. నెల కిందట దేవుడి పటాల కింద కూర్చోబెట్టిన మనిషే.

నాకు కోపం వచ్చింది. దాచుకోలేదు.

"పని బాగోలేదని తీసేయండి, నేను నోరెత్తను. ఇంకో చోటు వెతుక్కుంటాను," అన్నాను. "చెయ్యి బాగోలేదని, మొహం బాగోలేదని మాత్రం ఒక్క పూట కూడా ఆపడానికి వీల్లేదు. అసలు ఈ అమ్మాయి మీ కొట్లో ఏం పని చేస్తుందో చెప్పండి చూద్దాం."

నాగమణి పనేమిటంటే ఆయన వెంటనే చెప్పగలరు. రిజ్వానా పనేమిటో ఆయన మరిచిపోయారు. అప్పుడే రిజ్వానా కుర్చీ దగ్గరికి వెళ్లి, దాని వీపు పట్టుకుని ఆయన వైపు తిరిగింది.

"సార్, ఇది వద్దు," అంది. "డబ్బాలు కావాలి."

అరల దగ్గర నుంచి నాగమణి అందుకుంది. ఆమె జాలితో మాట్లాడలేదు, విసుగుతో మాట్లాడింది. నాకు అదే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. "నిజ శ్రావణం వస్తోంది సార్. ఫాల్స్ డబ్బాలన్నీ కలగాపులగం అయిపోయినాయి. ఈ పిల్లని నాకు ఇవ్వండి. బోణీ మీరు చేసుకోండి. లేకపోతే వరలక్ష్మీ వ్రతం రష్షు నా ఒక్కదాని వల్ల కాదు, ముందే చెప్తున్నా."

పనిలో పక్కనుండే మనిషే అండగా నిలబడటాన్ని మేం నేచురల్ సపోర్ట్ అంటాం. నేను ఎంత వాదించినా బయటి మనిషినే. నాగమణి మాట అలా కాదు. చివరికి ఆయన, నిజ శ్రావణం నెలంతా చూద్దాం అన్నారు. నేను షరతు గట్టిగా చెప్పించుకున్నాను. అందరితో పాటు, అందరూ వచ్చే గుమ్మంలోంచే వస్తుంది. కవరు అందించదు. వెలుతురు కావలసినప్పుడు గుమ్మంలోకి వెళ్తుంది, బోణీ అయినా కాకపోయినా.

నిజ శ్రావణం మొదటి రోజు నేనూ వెళ్లాను. కొట్టు తెరిచి, నీళ్లు చల్లి, అగరొత్తులు వెలిగించారు. రిజ్వానా గొణుక్కుంటూ పని మొదలుపెట్టింది. సరిగ్గా మొదటి కస్టమర్ మెట్టెక్కే వేళకి రెండు ముదురు రంగు ఫాల్స్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. రామ్మోహనరావు గారి వేళ్లు కౌంటర్ అంచుని పట్టుకున్నాయి. వచ్చినావిడ చిలకపచ్చ చీర తీసి, దీనికి జాకెట్టు ముక్క ఉందా అని ఈ అమ్మాయినే అడిగింది. రిజ్వానా తలెత్తకుండా, లోపల అక్కని అడగండి అని మళ్లీ తన ఫాల్స్ చూసుకుంది.

ఆవిడ పది ముక్కలు తీయించింది. ఏదీ కలవలేదంది. ఏమీ కొనకుండా చీర సంచిలో పెట్టుకుని దిగి వెళ్లిపోయింది.

ఏ రోజునైనా పరవాలేదు గానీ ఈ రోజా అనుకున్నాను. రామ్మోహనరావు గారు గుమ్మం వైపు చూశారు, నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. ఈలోపు రిజ్వానా లోపలికొచ్చి, ఆవిడ వదిలేసిన పది ముక్కల్నీ ఒక్కొక్కటే తీసి సర్దడం మొదలుపెట్టింది. తర్వాతి కస్టమర్ వచ్చేసరికి కౌంటర్ ఖాళీ. నాగమణి కావలసిన డబ్బా మీద ఒక్క దెబ్బకి చెయ్యి వేసింది. బోణీ అయింది. మధ్యాహ్నానికి కొట్లో నిలబడటానికి చోటు లేదు, మొదటి బేరం ఎలా పోయిందో గుర్తు పెట్టుకునే తీరిక కూడా ఎవరికీ లేదు. ఆ తర్వాత కుర్చీ వైపు చూస్తే దాని మీద లైనింగు తానులు పేర్చి ఉన్నాయి.

వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సాయంత్రం ఫాతిమా గారు ఫోన్ చేశారు. మీరు వెంటనే రావాలి, మా పిల్లని అందరి ముందూ ఆ పెద్దమనిషి కేకలేశాడట, ఇంక పంపను అన్నారు. నాగమణికి ఫోన్ చేసి సంగతి కనుక్కుని బయల్దేరాను. గుమ్మం నిండా జనం ఉండేసరికి రిజ్వానా వెలుతురులోకి వెళ్లకుండానే ఫాల్స్ సర్దేసింది. కాఫీ రంగు డబ్బాలోకి మెరూన్ వెళ్లింది. నాగమణి చూసుకోకుండా కట్టి ఇచ్చేసింది. కొన్నావిడ సగం దారి నుంచి వెనక్కొచ్చి కొట్టు పైకప్పు లేచేలా గొడవ చేసింది. రామ్మోహనరావు గారు ఇద్దర్నీ కలిపి దులిపేశారట. నాగమణి ఆ సంగతి చెబుతూ ఆయన్ని కూడా రెండు తిట్లు తిట్టింది.

వెళ్లేసరికి రిజ్వానా మొహం ఉబ్బి ఉంది. పక్కన కూర్చుని ఏమన్నారు అని అడిగాను. కళ్లు తుడుచుకుని, ఆయన గొంతు పెట్టి మరీ చెప్పింది.

"గుమ్మంలోకి పోయి చూడాలని తెలీదా నీకు, అన్నారు."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ తర్వాత నవ్వు ఎక్కడ ఆగిందో తెలియదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫాతిమా గారు నన్ను వింతగా చూస్తున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాను. ఏ మనిషైతే గుమ్మంలో ఎదురుపడొద్దని పెరటి దారి చూపించాడో, ఆయనే ఇవాళ గుమ్మంలోకి ఎందుకు పోలేదని తిట్టాడమ్మా. లక్ష్మీదేవిని ఎవరూ తిట్టరు. శనిని కూడా తిట్టరు, తప్పుకుని పోతారు. పనిచేసే మనిషినే తిడతారు. మీ అమ్మాయికి ఉద్యోగం ఇవాళ వచ్చింది.

ఈ కేసు తర్వాత నేను ఎవరినైనా పనిలో పెట్టినప్పుడు, జీతం సరిగా ఇస్తున్నారా అన్నదానితో పాటు ఇంకొకటి కూడా కనుక్కుంటున్నాను. తప్పు చేస్తే అందరితో సమానంగా అడుగుతున్నారా అని. మర్యాద దాటితే ఊరుకోను, అది వేరే సంగతి. కానీ తప్పు చేసినా ఎవరూ ఏమీ అనని చోట నా మనిషికి ఇంకా పని లేనట్టేనని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను.

ఆ సాయంత్రం ఫాతిమా గారు మాత్రం వెంటనే తేరుకోలేదు. పోనీ రేపు పండగ రోజు, రద్దీ ఎక్కువ, ఇంట్లో ఉండిపో అని కూతురి తల నిమిరారు. రిజ్వానా తల్లి చెయ్యి పక్కకి తీసి, టిఫిన్ డబ్బా సంచిలోంచి తీసి కడగడానికి లేచింది.

"రేపు పొద్దున్నే పోవాలి," అంది. "కాఫీ రంగు డబ్బా తప్పుంది. డ్యూటీ ఉంది కదా."